అనంతరామయ్యగారి పథ్యం

మధుసూదనరావుగారికి సింగపూరులో దొరికినంత మర్యాద సొంత ఊళ్ళో ఏనాడూ దొరకలేదు. ఆయన ఒప్పుకోడు గానీ, ఇది ఆయన కోడలు కాత్యాయని కళ్ళారా చూసిన సంగతి. ఒంగోలు పక్క చింతలమెరకలో ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, అంతే. వాళ్ళింటిని ఊరంతా ఇప్పటికీ పసరోళ్ళ ఇల్లనే అంటుంది గానీ, కామెర్లొస్తే మాత్రం బస్సెక్కి ఒంగోలు ఆస్పత్రికి పోతుంది. ఆ ఇంటి గడప తొక్కి ఆఖరిసారి పసరు అడిగినవాడు కూడా తన గేదె కోసం అడిగాడు.

అలాంటి పెద్దమనిషి, భార్య మంగతాయారుని వెంటబెట్టుకుని, సింగపూరులో ఉన్న కొడుకు గోపీకృష్ణ దగ్గరికని సెంగ్‌కాంగ్ వచ్చి పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో దిగాక కథ మారిపోయింది. అవి రెండువేల ఏడు నాటి రోజులు. చాంగీ బిజినెస్ పార్క్‌లో రోజుకో బ్యాంకు ఆఫీసు తెరుస్తున్నట్టుండేది. వాటిల్లో కంప్యూటర్ల ముందు కూర్చోడానికి విమానాల నిండా మన పిల్లలు దిగేవాళ్ళు. ఇంజనీరింగు చదివి, ఎక్కడో లండన్‌లో ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పు పట్టగలిగిన ఆ పిల్లలు, కళ్ళు పచ్చబడగానే డాక్టర్ని వదిలేసి మధుసూదనరావుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. చింతలమెరక రైతులకున్న పాటి అనుమానం ఈ చదువుకున్నవాళ్ళలో ఒక్కరికి ఉంటే ఒట్టు.

మొదట గోపీకృష్ణ ఆఫీసులో ఒకతను వచ్చాడు. సెలవులకి ఊరెళ్ళి, రోడ్డు పక్క పానీపూరీ తిని, కామెర్లు వెంటబెట్టుకొచ్చాడు. మధుసూదనరావుగారు మూడు ఆదివారాలు పసరు పోశారు. తగ్గిపోయింది. అలాంటి కామెర్లు చాలామందికి మందు తాగినా తాగకపోయినా తగ్గుతాయని తర్వాతెప్పుడో ఒక డాక్టరు కాత్యాయనికి చెప్పాడు. అప్పటికి ఆ మాటతో ఆమెకి పని లేకుండా పోయింది. ఆ కుర్రాడు మటుకు ఊరుకోకుండా హౌగాంగ్ నుంచి చాంగీ దాకా తెలుగువాళ్ళందరికీ చాటింపు వేశాడు.

ఆ పసరు తంతు చూసి తీరాల్సిందే. ఆదివారం తెల్లవారకముందే మధుసూదనరావుగారు పంచెతో సహా షవరు కింద నిలబడి తలారా స్నానం చేసి, ఆ తడిబట్టలతోనే లిఫ్టెక్కేవారు. మొక్క కోసి తెచ్చేదాకా నోరు విప్పకూడదు. పొద్దున్నే నడకకెళ్ళే పక్కింటి చైనా ముసలావిడ లిఫ్టులో ఆయన కాళ్ళ కింద మడుగు చూసి, “అంకుల్, బయట రెయినింగ్ ఆ?” అని అడిగేది. ఈయన కళ్ళు పెద్దవి చేసి ఆకాశం వైపు చూపించేవారు. ఆవిడ వెనక్కెళ్ళి గొడుగు తెచ్చుకునేది. ఎల్‌ఆర్‌టీ రైలు పట్టాల కింద, స్తంభాల మధ్య గడ్డిలో నేల ఉసిరి మొలిచేది. గడ్డి కోసే బంగ్లాదేశ్ కుర్రాళ్ళు మిషన్లు మోసుకొచ్చేలోగా దాన్ని వేళ్ళతో పీక్కుని, పంచె చెంగులో కట్టుకుని పైకొచ్చేవారు. మనవరాలు నిఖిల దుప్పట్లోంచి తల బయటపెట్టి, “తాతయ్యా, సో ఎంబరాసింగ్ లా! మా క్లాస్ పిల్లలు కింద బ్లాక్‌లోనే ఉంటారు,” అని మొత్తుకునేది. ఆయన వినిపించుకుంటే గదా.

మందుకి డబ్బు పుచ్చుకోకూడదు. రోగి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఈ పసరూ ఇంగ్లీషు మందూ ఒకే ఒంట్లో పడకూడదు, పడితే విషమే. ఇక పథ్యం. ఉప్పు లేదు, కారం లేదు, చింతపండు లేదు, నూనె చుక్క లేదు. మెత్తటి అన్నంలో చప్పటి మజ్జిగ పోసుకుని తినాలి. ఈ ఏర్పాట్లన్నీ చేసినవాడు మధుసూదనరావుగారి ముత్తాత అనంతరామయ్య. ఆయన కథ చెప్పకుండా ఈయన ఎవరికీ మందు పోసేవారు కాదు. పిల్లలు కూడా సోఫాలో ఇరుక్కుని కూర్చుని బుద్ధిగా వినేవాళ్ళు.

“మా ముత్తాతగారు వైద్యుడే అనుకునేరు. ముందు రైతు. ఎనిమిది ఎకరాల మెట్ట పొలం, జొన్నా కందీ వేసేవాడు. మందుల సంచి కాడిమేడికి కట్టుకుని దున్నేవాడు. ఫలానా ఊళ్ళో ఫలానా మనిషికి పాము కరిచిందని కబురొస్తే, సాలు మధ్యలో ఎద్దుల్ని నిలబెట్టేసి, కాళ్ళకి మట్టితోనే పరిగెత్తేవాడు. ధాత కరువొచ్చింది చూడండి, దొరల కాలంలో, జనం చెట్ల బెరడు ఒలుచుకు తిన్నారు. ఆ కరువులో ఇంటి వెనక జొన్న పాతర తీసి, దారినపోయే వాళ్ళందరికీ అంబలి కాచి పోయించాడు. నాడి పట్టుకుంటే మనిషి బతుకుతాడో లేదో చెప్పేవాడు. కామెర్లకి ఆయన చేత్తో పసరు తాగినవాడు చచ్చిన దాఖలా లేదు. ఒక్కటంటే ఒక్కటి తప్ప.”

ఆ ఒక్కటి దగ్గరికి రాగానే ఆయన గొంతు మారేది. అనంతరామయ్యకి కొడుకుల తర్వాత లేకలేక పుట్టిన కూతురు హైమావతి. తొమ్మిదేళ్ళ పిల్లకి కామెర్లొచ్చాయి. తండ్రే పసరు పోశాడు. తల్లి సీతాదేవి మాత్రం పిల్ల చప్పిడి కూడు తినలేక ఏడుస్తుంటే చూడలేక, మజ్జిగలో రవ్వంత ఉప్పు కలిపి పెట్టింది. పిల్ల పోయింది. “ఆడవాళ్ళ మనసు అలాంటిది మరి. ఏం చేస్తాం! అంత పెద్ద వైద్యుడి బిడ్డని చిటికెడు ఉప్పు మింగేసింది,” అని ముగించేవారు. విన్నవాళ్ళు నిట్టూర్చి, పథ్యం గట్టిగా చేస్తామని మాటిచ్చి వెళ్ళేవాళ్ళు.

కాత్యాయని ఆ కథ వంటింట్లోంచి ఎన్నిసార్లు విందో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఆ సీతాదేవి మీద కోపమొచ్చేది. అంత తెలివితక్కువ మనిషి ఉంటుందా, కన్నబిడ్డ ప్రాణం కంటే చిటికెడు ఉప్పు ఎక్కువైందా అనుకునేది. అత్తగారు మంగతాయారు మాత్రం ఆ కథ మొదలవగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి కిటికీలో బట్టలారేసే వెదురు కర్రల దగ్గరికి వెళ్ళిపోయేది.

కాత్యాయని తమ్ముడు చక్రధర్ ఆ ఏడే సింగపూరు వచ్చాడు. చీరాలలో తండ్రి పోయాక అక్కే వాణ్ణి చదివించింది, అక్కే బావ చేత ఉద్యోగం వేయించింది. వాడు పనిచేసేది చాంగీలోనే ఒక చిన్న కంపెనీలో. ఇంకా పర్మనెంటు కాలేదు. అక్క ఇంట్లోనే చిన్నగదిలో ఉండేవాడు. నవ్వించే పిల్లాడు, తినే పిల్లాడు. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి వెళ్తే కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేయడం, అంటే చోటు పట్టడం, దగ్గర్నుంచి అన్నీ వారంలో నేర్చేసుకున్నాడు. అక్క వంట మీద వంకలు పెట్టి మరీ రెండోసారి వడ్డించుకునేవాడు. ముసలాయన కథలన్నిటికీ వాడే మొదటి శ్రోత. “మావయ్యగారూ, అనంతరామయ్యగారు ఇప్పుడుంటే ఈ పిల్లలందరి నాడీ ఆన్‌లైన్‌లో చూసేవారు,” అని ఆయన్నే ఆటపట్టించేవాడు. ఆయనకీ వాడంటే కొడుకు కంటే ఎక్కువ ముచ్చట.

అలాంటివాడు ఒకరోజు అన్నం కంచం ముందు కూర్చుని వాసనే పడటం లేదన్నాడు. నాలుగు రోజులు జ్వరమని మాత్రలు మింగుతూ ఆఫీసుకెళ్ళాడు. ఐదో రోజు పొద్దున నిఖిల వాడి మొహంలోకి చూసి, “మామా, యువర్ ఐస్ సో యెల్లో!” అంది. కింద క్లినిక్కులో డాక్టరు చూసి, రక్తం తీసి, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చాడు.

చీటీ తీసుకుని వాడు ఇంటికొచ్చేసరికి మధుసూదనరావుగారు హాల్లో ఉన్నారు. వాడి చెయ్యి అందుకుని, కళ్ళు మూసుకుని నాడి చూశారు. “ఏం భయం లేదు నాయనా. మూడు పూటలు పోస్తాను. పైవారానికి నువ్వు మీ ఆఫీసు మెట్లు ఎక్కుతావు,” అన్నారు.

వాడి మొహం విప్పారింది. పైవారమే వాళ్ళ ప్రాజెక్టు గో-లైవ్, అంటే అసలు వాడకంలోకి దిగే రోజు. ఆసుపత్రిలో పడుకుంటే తన కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడని వాడి భయం. 

“మావయ్యగారూ, ఒకసారి ఆసుపత్రిలో కూడా చూపిస్తే...” అని నసిగింది కాత్యాయని.

“చూపించమ్మా. కాదన్నానా? అప్పుడు నేను చెయ్యి పెట్టను. రెండూ కలిస్తే విషమని నీకు తెలుసు గదా.”

గోపీకృష్ణ పెళ్ళాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. “ఊళ్ళో వాళ్ళందరికీ నాన్న మందు పనికొచ్చి, మనింటి మనిషికి పనికిరాకపోతే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడే? మీ తమ్ముడే తాగుతానంటున్నాడు గదా,” అన్నాడు గొంతు తగ్గించి.

 అంతమందికి తగ్గడం కాత్యాయని కూడా చూసింది. నమ్మకం లేదనడానికి లేదు, ఉందనడానికీ నోరు రాలేదు. చీటీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండిపోయింది. ఆదివారం దాకా ఆగే పని లేకుండా మర్నాడే మధుసూదనరావుగారు తడిబట్టలతో లిఫ్టెక్కారు.

చక్రధర్ పథ్యం చేసినట్టు ఎవరూ చేసి ఉండరు. ఆ తిండిపోతు చప్పటి మజ్జిగన్నం కళ్ళు మూసుకుని మింగేవాడు. ఒక మధ్యాహ్నం ముసలివాళ్ళిద్దరూ పడుకున్నప్పుడు కాత్యాయనికి గుండె కరిగిపోయింది. గిన్నెలో ఉప్పు వేసిన మజ్జిగ కలిపి తెచ్చి, “ఒక్క గుక్క తాగరా చక్రీ. ఎవరికీ చెప్పను,” అంది. వాడు గిన్నె వైపు ఆశగా చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

“వద్దక్కా. పెద్దాయన నాకోసం తెల్లారకముందే తడిసి చస్తున్నాడు. ఆయనకి నేను ద్రోహం చెయ్యను,” అన్నాడు. ఆ మజ్జిగ ఆమె సింకులో పారబోసింది.

మూడో పూట పసరు తాగాక వాడు పగలంతా పడుకోవడం మొదలుపెట్టాడు. లేచినప్పుడు కూడా లేచినట్టుండేవాడు కాదు. మధుసూదనరావుగారు మందు పట్టిందన్నారు. ఆ మత్తు రావాలి, వస్తేనే లోపలి పైత్యం కరుగుతుందన్నారు. మర్నాటి సాయంత్రం కాత్యాయని వంటింట్లో ఉండగా వాడు చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “అక్కా, నాన్న వాడరేవు తీసుకెళ్తానన్నాడు. బస్సు వచ్చిందా?” అని అడిగాడు.

నాన్న పోయి ఎనిమిదేళ్ళు. కాత్యాయని స్టవ్ ఆపేసింది. ఇక ఎవరినీ అడగలేదు. తనే ఫోన్ చేసి అంబులెన్సుని పిలిచింది. స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే మధుసూదనరావుగారు అడ్డం వచ్చి, “ఇంకొక్క పూటమ్మా, ఒక్క పూట ఆగితే తిరుగుతుంది,” అని బతిమాలారు. ఆమె ఆయన్ని పక్కకి తోసేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒంటి మీద చెయ్యి పడటం అదే మొదలు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గోపీకృష్ణని పక్కకి పిలిచి, నాటు మందులేమైనా వాడారా అని అడిగింది. వాడలేదన్నాడు. అక్కడే ఉన్న కాత్యాయని మొగుడి మొహంలోకి చూసింది, డాక్టరమ్మ మొహంలోకి చూసింది, పసరు మాట తనూ దాచేసింది. చెప్పినా అప్పటికి చేసేదేం లేదని తర్వాత తేలింది. కాలేయం చచ్చిపోయింది. వారం ముందు వచ్చి ఉంటే ఏమైనా ప్రయత్నించేవాళ్ళమన్నారు. రెండు రోజులు గొట్టాల మధ్య ఉంచి, మూడో రోజు వాణ్ణి అప్పగించేశారు. ఇరవై అయిదేళ్ళవాడు చీరాలకి పెట్టెలో వెళ్ళాడు.

కాత్యాయని చీరాలలో కర్మకాండ ముగించుకుని తిరిగొచ్చేసరికి మధుసూదనరావుగారు ఆయనలా లేరు. గోడ వైపు కుర్చీ తిప్పుకుని కూర్చునేవారు. అన్నం పెడితే తినరు, పిలిస్తే పలకరు. నెరిసిన గడ్డం మొహమంతా పెరిగింది. నిఖిల వెళ్ళి “తాతయ్యా” అని భుజం కుదిపితే, దాని వైపు చూసి కన్నీళ్ళు కార్చేవారు. ఒకసారి మాత్రం తనలో తను అనుకున్నట్టు, “నా చేతిలో ఏం లేదు. ఎప్పుడూ లేదేమో,” అన్నారు. ఆ మాట గుమ్మంలోంచి విన్న కాత్యాయనికి అంత దుఃఖంలోనూ ఒక ఊరట కలిగింది. పోనీ, ఈ ముసలాయనకి తెలిసొచ్చింది, ఇంకొకరి ఇల్లు మునగదు అనుకుంది.

వారం తిరిగేసరికి ఆయన మంచం దిగలేదు. నీళ్ళు కూడా చెంచాతో పోయాల్సి వచ్చేది. గోపీకృష్ణ ఆఫీసు మానేసి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం మంగతాయారు వంటింటి తలుపు దగ్గరగా వేసి, కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

“అమ్మాయ్, నిన్నొకటి అడుగుతా. నిన్ను అడిగే మొహం నాకు లేదు. ఆ పిల్లాడికి ఉప్పు పెట్టానని ఒక్క మాట అనమ్మా ఆయనతో.”

కాత్యాయనికి అర్థం కాలేదు. “నేను పెట్టలేదత్తయ్యా. ఇవ్వబోయాను. వాడే వద్దన్నాడు.”

“నాకు తెలుసు. ఆ గదిలో నేను పడుకోలా, కళ్ళు మూసుకున్నానంతే. వాడి మాటలు విన్నా. బంగారం లాంటి బిడ్డ.” మంగతాయారు కోడలి చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది. “అయినా అడుగుతున్నా. ఆయన పోతాడే. నా చేత్తో చంపానని ఆ మాటే తినేస్తోంది ఆయన్ని. సీతాదేవిగారు మాత్రం పెట్టిందనుకున్నావా ఉప్పు?”

కాత్యాయని చేతులు వెనక్కి లాక్కుంది.

“మా అత్తగారు కాపరానికొచ్చేసరికి ఆ ముసలమ్మ బతికే ఉంది. మా అత్తగారే ఆవిడకి మంచం మీద చాకిరీ చేసింది. పోయే ముందు ఆవిడే చెప్పిందంట. పిల్ల పోయాక అనంతరామయ్యగారు మందుల సంచి బావిలో పారేశాడంట. అరక మూలన పడేసి, తిండి మానేసి పడుకున్నాడంట. పొలం బీడు పడింది. ఊరి పెద్దలొచ్చి ఆవిడ్ని కూర్చోబెట్టి, నువ్వేమైనా తేడా చేశావేమో గుర్తు తెచ్చుకో తల్లీ, అన్నారంట. వాళ్ళకేం కావాలో ఆవిడకి అర్థమైంది. ఉప్పు పెట్టానంది. మర్నాడు ఆయన లేచి స్నానం చేసి పొలానికెళ్ళాడు. మళ్ళీ వైద్యం మొదలెట్టాడు. తర్వాత అరవై ఏళ్ళు బతికిందే ఆవిడ. చివరిదాకా తన కంచంలో ఉప్పు వేసుకోలేదంట. ఊళ్ళో వాళ్ళు పాపం చేసుకుంది గదా అందుకే అనుకున్నారు. ఆవిడ ఆ మాట అనబట్టే ఈ ఇల్లు నిలబడింది.”

“ఇల్లు నిలబడింది,” అంది కాత్యాయని. ఇన్నేళ్ళూ వంటింట్లో నిలబడి తను తిట్టుకున్న ఆడమనిషి ఎవరో అప్పుడు తెలిసింది. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. “మరి నా తమ్ముడో అత్తయ్యా?”

“వాడు రాడు గదమ్మా. ఈయనైనా ఉంటాడు.” మంగతాయారు కోడలి కాళ్ళ మీద పడబోయింది.

కాత్యాయని ఆవిడ్ని పట్టుకుని లేపింది. ఆ సాయంత్రం మామగారి మంచం పక్కన నిలబడి, గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, “మావయ్యగారూ, చక్రికి ఉప్పేసిన మజ్జిగ ఇచ్చాను,” అంది. మధుసూదనరావుగారు చాలాసేపు ఆమె వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. మునిగిపోయేవాడికి కాలు నేలకి తగిలినట్టు, ఆయన మొహంలోకి నెత్తురు తిరిగి రావడం ఆమె చూసింది. “ఎంత పని చేశావమ్మా,” అన్నారు. ఆ రాత్రి అన్నం తిన్నారు.

చచ్చేవాణ్ణి బతికించానని ఆమె అనుకుంది, నిజం చెప్పాలంటే రెండు రోజులు కాస్త తేలిగ్గా కూడా ఉంది. మూడో రోజు చీరాల నుంచి ఫోనొచ్చింది. ఎవరు మోశారో మాట అక్కడిదాకా పోయింది.

“ఉప్పు పెట్టావటే?” అంది అమ్మ. ఏడవడం లేదు. “పెద్దాయన అన్ని విధాలా చెప్పినా వినకుండా పెట్టావటే?”

“అమ్మా, అది కాదు, నేను...”

“వాడు నిన్ను అమ్మ కంటే ఎక్కువ అనుకున్నాడే.”

ఫోను పెట్టేసింది. తర్వాత కాత్యాయని ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. గోపీకృష్ణకి జరిగిందంతా చెప్తే, “ఇప్పుడు మళ్ళీ తిరగేసి చెప్తే నాన్న ఏమైపోతాడు? మీ అమ్మకి మెల్లిగా నేను సర్ది చెప్తాలే,” అన్నాడు. సర్ది చెప్పింది లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగినప్పుడు ఎలాంటి మొహం పెట్టాడో ఇప్పుడూ అదే మొహం పెట్టాడు. 

మధుసూదనరావుగారు మళ్ళీ గడ్డం గీసుకున్నారు, కిందికి దిగారు, తెలుగువాళ్ళతో కబుర్లలో పడ్డారు. మందు మానేశారనుకున్నవాళ్ళు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు అనంతరామయ్య కథకి ఇంకో ముక్క అతుక్కుంది. హైమావతి పోయిందని చెప్పాక ఆయన ఆగి, వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి, “అంతదాకా ఎందుకు, మా ఇంట్లోనే చూశాం. మా కోడలి తమ్ముడే. ఏం చేస్తాం, తోడబుట్టినవాడి మీద మమకారం,” అనేవారు. తిట్టేవారు కాదు. కోడల్ని వెనకేసుకొచ్చేవారు కూడా. అబద్ధమాడుతున్నానని ఆయనకి తెలియదు. అదే ఆమెకి ఊపిరాడకుండా చేసేది. అరవడానికి కూడా ఎదురుగా దోషి అంటూ ఎవడూ లేడు.

తెలుగు సమాజం ఉగాది పచ్చడి పంచిన రోజున హాలులో నలుగురు ఆడవాళ్ళు ఆమెని చూసి మాటలాపేశారు. ఒకావిడ దగ్గరికొచ్చి భుజం నిమిరి, “మర్చిపోవాలమ్మా. ఎవరి పొరపాటు వాళ్ళకి తెలియకుండా జరుగుతుంది,” అంది. కాత్యాయని పచ్చడి గిన్నె అక్కడే పెట్టేసి వచ్చేసింది.

ఒక శనివారం పొద్దున అరుంధతి వచ్చింది. పుంగోల్ దగ్గర కొత్తగా కట్టిన ఇళ్ళలో ఉంటారు. మొగుడు ఆఫీసు పని మీద హాంగ్‌కాంగ్ వెళ్ళాడు. వెంట పదేళ్ళ కూతురు వర్షిత. పిల్ల స్కూల్ బ్యాగుకి కట్టుకున్న చిన్న ఎలుగుబంటి బొమ్మని చేత్తో నలుపుతూ సోఫా అంచున కూర్చుంది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మధుసూదనరావుగారు ఆ పిల్ల నాడి పట్టుకున్నారు. తర్వాత ధాత కరువు దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

కాత్యాయని కాఫీ కప్పుల ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. హైమావతి పోయింది. కోడలి తమ్ముడి ముక్క మొదలైంది. ఆమె వచ్చి ట్రే బల్ల మీద పెట్టింది. గట్టిగానే పెట్టినట్టుంది, కాఫీ తొణికింది.

“నేను ఉప్పు పెట్టలేదు,” అంది.

అరుంధతి తలెత్తి చూసింది.

“మా తమ్ముడు రవ్వంత ఉప్పు తినలేదండీ. నేనిస్తే కూడా వద్దన్నాడు. చివరిదాకా పథ్యం చేసే పోయాడు. మందు పనిచేయలేదు. పాపని ఇటునుంచి ఇటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆలస్యం చేయకండి, మీకు దణ్ణం పెడతాను.”

గొంతు తనకే వింతగా వినిపించింది. మధుసూదనరావుగారు ఆమె వైపు జాలిగా చూశారు. ఆ జాలి నిజమైనదే. “రా తల్లీ, కూర్చో,” అని, అరుంధతితో మెల్లిగా, “అప్పట్నుంచీ ఇంతేనమ్మా. అప్పుడు తనే పెట్టానంది, ఇప్పుడు పెట్టలేదంటోంది. మనసు నిలవదు,” అన్నారు.

కాత్యాయని అత్తగారి కోసం చుట్టూ చూసింది. మంగతాయారు కిటికీ దగ్గర వెదురుకి గుచ్చిన తడి చీర సర్దుతోంది. వీపు ఇటే ఉంది. “అత్తయ్యా, మీరు చెప్పండి,” అంది కాత్యాయని. “మీరు విన్నారు గదా. చెప్పండి.”

చీర మడత ఒకటి విప్పి, మళ్ళీ అదే మడత సర్దింది మంగతాయారు. తిరగలేదు. మధుసూదనరావుగారు రేపు తెల్లవారేసరికి పాపని పరగడుపున తీసుకురమ్మన్నారు. అరుంధతి లేచి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, కూతురి చేత కూడా పెట్టించింది.

కాత్యాయని లిఫ్టు దాకా వాళ్ళ వెంట పడింది. చెప్పులు కూడా వేసుకోలేదు. “నా మాట వినండి. నేను అబద్ధం చెప్పింది అప్పుడు, ఇప్పుడు కాదు. ఆయన చచ్చిపోతాడని అలా అన్నాను. నా తమ్ముడి మీద ఒట్టేసి చెప్తున్నాను,” అంటూ అరుంధతి చెయ్యి పట్టుకుంది.

అరుంధతి కళ్ళు చెమ్మగిల్లాయి. మంచి మనిషి, వినయం గల మనిషి. పట్టుకున్న చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. “ఊరుకోండి అక్కా. నేను మిమ్మల్ని తప్పుగా అనుకోవడం లేదు. మీ స్థానంలో నేనున్నా అలాగే పెట్టేదాన్నేమో. కానీ మీ సంగతి విన్నాక నాకు ధైర్యమొచ్చింది. కంటికి రెప్పలా చూసుకుంటాను, పథ్యం తప్పనివ్వను.”

లిఫ్టొచ్చింది. వాళ్ళిద్దరూ లోపలికెళ్ళారు. తలుపులు మూసుకునే ముందు వర్షిత ఆ పసుపు కళ్ళతో కాత్యాయని వైపు చూసి, ఏడుస్తున్న పెద్దావిడని ఊరడించాలనుకుందేమో, నవ్వింది.

“డోంట్ వర్రీ ఆంటీ. నేను సాల్ట్ అస్సలు తినను. ప్రామిస్ లా.”